వైకల్యమున్న పిల్లల కుటుంబాలకు ధర్మసాయం: అర్హత నిబంధనలు మార్చవలసిన అవసరం

(శ్రీకాకుళంలో ధర్మసంస్థల ప్రతినిధులు, తల్లిదండ్రుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగం పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న ట్రస్టుల ప్రతినిధులకు, పిల్లలను చంకనెత్తుకుని ఇచ్ఛాపురం నుంచి, రాజాం నుంచి, సీతంపేట కొండల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి నేను. ఉద్యోగం నుంచి దిగిపోయాక వారి తల్లిదండ్రులకు దరఖాస్తులు నింపి పెట్టే పని మిగిలింది. కాబట్టి ఈ రోజు మాట్లాడబోయేది ప్రభుత్వ పథకాల గురించి కాదు. దాతల ట్రస్టులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో నడిచే ఫౌండేషన్లు ఇచ్చే ఆర్థిక సాయం గురించి, ఆ సాయం ఎవరికి అందాలో తేల్చడానికి అవి రాసుకున్న నిబంధనల గురించి. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర లాభం రూ.5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలి. పైడిభీమవరం వంటి పారిశ్రామిక ప్రాంతమున్న మన జిల్లాలో డబ్బు అసలే లేదని ఎవరూ అనలేరు. ఉన్న డబ్బు ఎవరి గడపదాకా వెళ్లి ఆగిపోతోందన్నదే ప్రశ్న.

ప్రభుత్వ సాయం ఆగిపోయిన చోట ధర్మసాయం మొదలుకావాలని మనం అనుకుంటాం. కానీ మన దగ్గర చాలా ట్రస్టులు విచారణకు మనుషులు లేకనో, ఆడిట్ భయంతోనో, పథకాలకు అర్హులెవరో తేల్చడానికి ప్రభుత్వం వాడే ఆరు అంచెల పరిశీలననే ఎత్తి రాసుకున్నాయి. ఆ పరిశీలన సంగతి మీ అందరికీ తెలుసు. కుటుంబ ఆదాయం గ్రామంలో నెలకు రూ.10 వేలు, పట్టణంలో రూ.12 వేలు దాటరాదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించరాదు. కరెంటు 300 యూనిట్లలోపే ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ, నాలుగు చక్రాల సొంత వాహనం గానీ ఉండరాదు. గ్రామ, వార్డు సచివాలయం ఒకసారి జల్లించి పక్కన పెట్టిన కుటుంబాలను అదే జల్లెడతో మళ్లీ జల్లిస్తే మళ్లీ వారే పక్కకు పోతారు. ఇక ఆ ట్రస్టు కొత్తగా ఆదుకున్నది ఎవరిని?

ఈ నిబంధనల్లో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఆదాయ పరిమితి. అది వచ్చే డబ్బును చూస్తుంది, పోయే డబ్బును చూడదు. రాజాం దగ్గర నేనెరిగిన ఒక ఇంటి లెక్క చెబుతాను. తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు, జీతం నెలకు రూ.14 వేలు. ఎనిమిదేళ్ల బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి, దానితో పాటు మూర్ఛ. ఫిజియోథెరపీకి రూ.3,600, మూర్ఛ మందులకు రూ.1,200, డైపర్లకు రూ.1,500, విశాఖ ఆసుపత్రికి రానుపోను రూ.2,500, వెరసి రూ.8,800 పోగా ఆ ఇంటికి మిగిలేది రూ.5,200. బాబును చూసుకోవడానికి తల్లి జూట్ మిల్లు పని మానేసింది. ఆ పోయిన కూలి ఏ దరఖాస్తులోనూ ఏ గడిలోనూ పడదు. ఏడాదికి లక్షన్నర ఆదాయ పరిమితి పెట్టిన ఒక ట్రస్టు, ఈ ఇంటి ఆదాయం రూ.1,68,000 అని చెప్పి దరఖాస్తు తిప్పిపంపింది. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో తప్పేమీ లేదు, ట్రస్టు గుమస్తా లెక్కలోనూ తప్పేమీ లేదు. నిబంధన రాసినవారే ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు.

వైకల్యానికి ఖర్చు ఉంటుందని మన చట్టాలకు తెలియక కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీ సెక్షన్, పాత పన్ను విధానంలో, వైకల్యమున్న వ్యక్తిని పోషించే కుటుంబానికి అసలు ఖర్చెంతైనా రూ.75 వేలు, వైకల్యం 80 శాతం గానీ అంతకుమించి గానీ ఉంటే రూ.1,25,000 ఆదాయం నుంచి మినహాయించింది. అది పన్ను కట్టేంత ఆదాయమున్నవారికే పనికివచ్చే వెసులుబాటు. పన్ను కట్టనివారికి మాత్రం ఆ ఖర్చు ఉండదా? రాజాం కుటుంబం ఆదాయం నుంచి ఆ రూ.75 వేలు తీసివేసి చూడండి, రూ.93 వేలు తేలుతుంది. పరిమితికి చాలా లోపలే ఉంటుంది. ట్రస్టులు కొత్త సూత్రమేదీ కనిపెట్టనక్కర లేదు, ఆ అంకెను తమ దరఖాస్తులోకి తెచ్చుకుంటే చాలు. ఇంకొక దారి కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, సామాజిక భద్రతా పథకాల్లో దివ్యాంగులకిచ్చే సాయం ఇతరులకిచ్చే దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువగా ఉండాలని చెబుతోంది. అది ప్రభుత్వాల కోసం చెప్పిన మాటే అయినా, ఆదాయ పరిమితిని అదే నిష్పత్తిలో పెంచుకోవడానికి ట్రస్టుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పరిమితికి వెయ్యి రూపాయలు లోపలున్నవారికి పూర్తి సాయం, వెయ్యి బయటున్నవారికి సున్నా అనే పద్ధతి మాని, ఆదాయం పెరిగేకొద్దీ సాయాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వెళ్లవచ్చు.

కారు సంగతి వేరుగా చెప్పాలి. ప్రభుత్వ నిబంధన టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపునిచ్చింది, అవి బతుకుతెరువు కాబట్టి. నడవలేని, కూర్చోబెడితే నిలవలేని పన్నెండేళ్ల పిల్లను ఆర్టీసీ బస్సెక్కించలేక అప్పు చేసి కొన్న పాత మారుతి కారుకు మాత్రం మినహాయింపు లేదు. ఆ పిల్ల తల్లి నాతో అన్న మాట: "కారుందని కొట్టేసినారు బాబూ. పిల్లని ఎత్తుకోలేక కొన్నాం గానీ, షికార్లకి కొన్నామేటి?" కరెంటు బిల్లు కూడా ఇలాంటిదే. ముగ్గురన్నదమ్ములు ఒకే మీటరు మీద ఉన్న ఇంట్లో, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు రాత్రంతా నడిచే గదిలో, 300 యూనిట్లు దాటడానికి సంపన్నులు కానక్కర లేదు.

ఇక సర్టిఫికెట్ల సంగతి. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు, 2016 చట్టం గుర్తించినవి 21. తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ జబ్బులు, ఆటిజం, కండరాల క్షీణత ఈ జాబితాలోకి వచ్చాయి. అయినా కొన్ని ట్రస్టుల దరఖాస్తుల్లో ఇప్పటికీ కళ్లు, చెవులు, కాళ్లు చేతులు, బుద్ధిమాంద్యం తప్ప వేరే గడి కనిపించదు. సికిల్ సెల్ ఉన్న గిరిజన బిడ్డకు పైకి ఏమీ కనపడదు కాబట్టి విచారణకు వచ్చినవారు "బాగానే ఉన్నాడు కదా" అని రాసి వెళ్లిపోతారు. వైకల్యం ఎంత శాతమో తేల్చి ప్రభుత్వ వైద్యులిచ్చే సదరం సర్టిఫికెట్ శాశ్వతమైనదే కావాలని పట్టుపట్టడం మరీ అన్యాయం. చిన్నపిల్లల్లో ఎదుగుదల మారుతుంటుందని వైద్యులు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. థెరపీ ఎక్కువగా పనిచేసేది కూడా సరిగ్గా ఆ చిన్న వయసులోనే. శాశ్వత సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగమంటే ఆ ఏళ్లు గడిచిపోతాయి.

పుట్టుకతో వచ్చిన వైకల్యానికే సాయం చేస్తామనే సంస్థలూ ఉన్నాయి. బ్రిటన్‌లో గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల అవయవ లోపాలతో పుట్టిన పిల్లల విషయమై పెద్ద అలజడి రేగాక, 1973లో ప్రభుత్వ ధనంతో, యార్క్ నగరంలోని ఒక ధర్మసంస్థ నిర్వహణలో ఫ్యామిలీ ఫండ్ మొదలైంది. మొదట అదీ పుట్టుకతో వచ్చిన తీవ్ర వైకల్యానికే పరిమితమైంది. కొద్దికాలానికే ఆ గీత చెరిపి, కారణమేదైనా తీవ్ర వైకల్యమున్న పిల్లలందరికీ విస్తరించారు. మెదడువాపు వచ్చి మంచం పట్టిన పిల్లవాడి ఇంటి ఖర్చు, పుట్టుకతోనే మంచం పట్టిన పిల్లవాడి ఇంటి ఖర్చుకన్నా ఏ విధంగానూ తక్కువ కాదు.

"కుటుంబానికి ఒకరికే, జీవితంలో ఒక్కసారే" అన్న షరతు గురించి కూడా ట్రస్టీలు ఆలోచించాలి. మన ప్రాంతంలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. జన్యుపరమైన జబ్బు ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రావడం మనకు కొత్త కాదు. ఆ ఇంట్లో ఏ బిడ్డ పేరు రాయాలో తల్లినే తేల్చుకోమంటున్నాం. ఇక చక్రాల కుర్చీ సంగతికొస్తే, ఆరేళ్లప్పుడు కొలత తీసుకుని ఇచ్చిన కుర్చీలో తొమ్మిదేళ్ల పిల్లవాడు పట్టడు. బలవంతాన కూర్చోబెడితే తుంటి, వెన్ను వంకర తిరుగుతాయి. కేంద్ర ప్రభుత్వం ఉపకరణాలిచ్చే ఎడిప్ పథకంలో అదే సాయం మళ్లీ పొందడానికి మూడేళ్ల గడువుంటే, పన్నెండేళ్లలోపు పిల్లలకు దాన్ని ఒక్క ఏడాదికి తగ్గించారు. పిల్లలు పెరుగుతారన్న సంగతి ఢిల్లీలో కాగితం మీద రాసినవారికి తట్టింది, ఇక్కడ పిల్లల్ని కళ్లెదుట చూస్తున్న మనకు తట్టలేదు.

నివాస నిబంధన గురించి క్లుప్తంగా చెబుతాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. "శ్రీకాకుళం జిల్లావాసులకు మాత్రమే" అని అంతకుముందు రాసుకున్న షరతును చాలామంది తిరిగి చూసుకోలేదు. దాతలు చూస్తే అదే ప్రాంతంవారు, పిల్లలు చూస్తే అక్కడే ఉన్నారు. మారింది జిల్లా పేరొక్కటే. హైదరాబాదుకో, చెన్నైకో కూలికి వలసపోయి ఏడాదిలో సగం ఊళ్లో లేని కుటుంబాలు విచారణ రోజున ఇంట్లో లేరన్న కారణంతో జాబితా నుంచి పోతున్నాయి. విచారణ తేదీ ముందుగా ఫోనులో చెబితే ఈ ఒక్క చిక్కు తీరిపోతుంది.

పింఛను విషయంలో రెండు రకాల ట్రస్టులున్నాయి. ఒకటి పింఛను అందుతున్నవారికి సాయం ఇవ్వబోమంటుంది, మరొకటి పింఛను పుస్తకం లేకపోతే వైకల్యాన్నే నమ్మనంటుంది. 2024లో దివ్యాంగుల పింఛను రూ.3 వేల నుంచి రూ.6 వేలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15 వేలకు పెరిగిన మాట నిజమే, అది మంచి మాటే. అంత మాత్రాన రూ.6 వేలు అందుకునే ఇంటిని సంపన్న గృహంగా లెక్కగట్టడం తగదు. పింఛను రాని ఇంటిని అబద్ధాలకోరుగా చూడడమూ తగదు.

తిరస్కరించిన దరఖాస్తుకు కారణం చెబుతూ తెలుగులో ఒక ఉత్తరం ఇవ్వండి. ఆ కారణం తప్పయితే నెలలోగా మళ్లీ అడిగే అవకాశమివ్వండి. ఆ మళ్లీ వినేవారిలో వైకల్యమున్న బిడ్డ తల్లి ఒకరైనా ఉండాలి. మధ్యాహ్నం ట్రస్టుల ప్రతినిధులు విడిగా సమావేశమవుతారని అధ్యక్షులు చెప్పారు. అన్ని నిబంధనలూ ఒక్క పూటలో తేలకపోవచ్చు. కనీసం ఆదాయం నుంచి రూ.75 వేలు మినహాయించే విషయం, పిల్లల్ని తీసుకెళ్లే వాహనానికి మినహాయింపునిచ్చే విషయం ముందుగా చేపట్టాలని కోరుతున్నాను. రాజాం కుటుంబం దరఖాస్తు నకలు నా దగ్గరుంది. పేర్లు కొట్టేసి ఆ సమావేశానికి అందజేస్తాను.

సెలవు.