పద్యం చదివితే బొమ్మ కనపడాలంటే

పిల్లలు పద్యం గడగడా అప్పజెప్పేస్తారు. అందులో ఏం కనపడిందని అడిగితే మాత్రం మన మొహం కేసి చూస్తారు. వాళ్ల తప్పేం లేదు. పద్యం వెనకాలే తాత్పర్యం రాయించేస్తున్నాం. నీతి ముందే చేతికొచ్చేశాక బొమ్మతో ఎవరికి పని? అందుకే వరస మార్చండి: బొమ్మ ముందు, భావం తర్వాత.

"అనువుగాని చోట అధికులమనరాదు" అన్న వేమన పద్యం తీసుకోండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు సరిపోతుంది. అందులో మూడో పాదం, "కొండ యద్దమందు కొంచమై యుండదా". ముందు 'అనువు', 'కొదువ' లాంటి అడ్డుపడే మాటలకే అర్థం చెప్పండి. పద్యం మీరే రెండుసార్లు చదవండి, రెండోసారి వాళ్లని కళ్లు మూసుకోమనండి. అయ్యాక "అర్థమైందా?" అనొద్దు, "ఆఁ" అనేసి ఊరుకుంటారు. అద్దం ఎంతుంది? ఎవరి చేతిలో ఉంది? కొండ ఎంత దూరం? ఇవేవీ పద్యంలో లేవు, పిల్లలే పెట్టుకోవాలి. అప్పటికీ తోచకపోతే చిన్న అద్దం ఇచ్చి, కొండ దొరక్కపోతే వాటర్ ట్యాంకుకి వీపు పెట్టి నిలబెట్టండి. అద్దం మొహానికి ఎదురుగా పెడితే తన మొహమే కనపడుతుంది, దాన్ని భుజం పక్కకి జరపాలి. ఎండ పడే వైపు మాత్రం వద్దు. ట్యాంకంతా అరచేతిలోకి వచ్చేస్తుంది. "మరి ట్యాంకు చిన్నదైపోయిందా?" అని అడిగి ఊరుకోండి. భావం వాళ్లే చెప్తారు.

పెద్ద పిల్లలకైతే పోతన గజేంద్రమోక్షంలో, ఏనుగుని కాపాడ్డానికి విష్ణువు పరుగెత్తే పద్యం, "సిరికిం జెప్పడు" (సిరి అంటే లక్ష్మి). ఇక్కడ ఓ చిక్కుంది. బొమ్మ గీయమంటే దాదాపు అందరూ శంఖం, చక్రం, గరుత్మంతుడితో సహా క్యాలెండర్ విష్ణుమూర్తినే గీస్తారు. పద్యం చెప్పేదేమో అవేవీ తీసుకోలేదని! లేనివాటిని చెప్తూ తొందర చూపించాడు పోతన. పద్యాలన్నిట్లోనూ నాకు దీని మీదే మోజు.

కాగితం మధ్యకి మడిపించండి. ఎడమవైపు లేనివి: శంఖచక్రాలు, పరివారం, గరుడవాహనం. కుడివైపు ఉన్నవి: చెవుల మీదికి జారిన జుట్టు, చేతిలో వదలని లక్ష్మీదేవి కొంగు. ఇప్పుడు కుడివైపు చూసి మాత్రమే, పెన్సిల్‌తో, అయిదే నిమిషాల్లో గీయమనండి. రంగులిస్తే కిరీటం మీద రాళ్లు దిద్దుకుంటూ కూర్చుంటారు. ఇంటర్నెట్‌లో బొమ్మ ముందే చూపించొద్దు, అందరూ అదే దించేస్తారు.

తర్వాత పద్యం "తనవెంటన్ సిరి" గీయక్కర్లేదు, పిల్లల్నే వరసగా నిలబెట్టేయొచ్చు. ముందు విష్ణువు, వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, ఆ వెనక గరుత్మంతుడు, అతని పక్కన ఆయుధాలు. మొదటి ఇద్దరి మధ్య కొంగుకి బదులు తువ్వాలు పట్టించండి. ముందువాడు ఒక్క అడుగు వేయగానే రెండో మనిషి కూడా వెంట కదలాల్సి వస్తుంది. సిరికి ఎందుకు చెప్పలేదో, అయినా ఎందుకు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

అన్ని పద్యాలకీ ఇది నడవదు. "ఉపకారికి నుపకారము" పద్యంలో గీయడానికి బొమ్మే లేదు, అక్కడ బలవంతంగా గీయించకండి. నేరుగా భావం చెప్పేయండి.