పసికందుకు వెచ్చదనం

శ్రోతలకు నమస్కారం. పురిటి బిడ్డ సంరక్షణ అనగానే పాలు, నిద్ర, స్నానం, టీకాలు అన్నీ గుర్తుకు వస్తాయి. అన్నీ ముఖ్యమైనవే అయినా, ఈ కొద్ది నిమిషాలలో నేను వెచ్చదనం గురించి మాత్రమే చెప్పదలచుకున్నాను.

పుట్టిన బిడ్డ ఒంటి మీది తడి ఆరుతున్నకొద్దీ ఒంట్లోని వేడి కూడా తగ్గిపోతుంది. పెద్దవాళ్ళలా వణికి వేడి పుట్టించుకోవడం పసికందుకు చేతకాదు. అందుకే పుట్టగానే ఒళ్ళంతా పొడిగా తుడవాలని, మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

1978లో కొలంబియా రాజధాని బొగొటాలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రాలు, చాలక, ఒక్కొక్క దానిలో ఇద్దరు ముగ్గురు శిశువులను పడుకోబెట్టవలసి వచ్చేది. ఒకరి నుంచి ఒకరికి ఇన్ఫెక్షన్లు పాకేవి. అప్పుడు ఎడ్గార్ రే అనే పిల్లల వైద్యుడు, నెలలు నిండకుండా పుట్టి కాస్త నిలదొక్కుకున్న బిడ్డలను తల్లి రొమ్ము మీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా, నిలువుగా ఆనించి ఉంచే పద్ధతిని మొదలుపెట్టారు. తల్లి ఒంటి వేడే బిడ్డకు వేడి, తల్లి పాలే ఆహారం. కంగారూ జంతువు పిల్లను ఒంటికి ఆనించి మోసినట్లుండే, అందుకే కంగారూ సంరక్షణ అని పేరుపొందిన ఈ పద్ధతి, యంత్రాలు చాలక పుట్టినదే అయినా, యంత్రాలకు కొదవ లేని ఆసుపత్రులలోకి కూడా వెళ్ళడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా చేయాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు కూడా ఇది మేలే. తండ్రి కూడా చేయవచ్చు. బిడ్డకు డయపర్, టోపీ మాత్రం ఉంచి, మీ ఛాతీకి నిలువుగా ఆనించుకుని, తల ఒక పక్కకు తిప్పి, వీపు మీదుగా దుప్పటి కప్పండి. ముక్కుకు, నోటికి గాలి ఆడాలి. మళ్ళీ చెబుతున్నాను, ముక్కుకు, నోటికి గాలి ఆడాలి. మీకు కునుకు పడుతున్నట్లయితే బిడ్డను తన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

బిడ్డకు చలిగా ఉందో లేదో చేతి వెనుక భాగంతో తాకి తెలుసుకోవచ్చు. పొట్ట, పాదాలు రెండూ వెచ్చగా ఉంటే చింత లేదు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే వెంటనే ఛాతీకి హత్తుకోండి. వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టకండి, లేత చర్మం కాలుతుంది. రెండూ చల్లగా ఉన్నా, బిడ్డ పాలు తాగడం మానేసినా, ఆలస్యం చేయకుండా అలా హత్తుకునే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.