నాణెం మీది మచ్చ: ఏది తీయాలి, ఏది వదిలేయాలి

అందరికీ నమస్కారం.

పాత రాగి నాణెం దొరకగానే మన ఇళ్లలో చేసే మొదటి పని, పూజ సామానులాగే దానికీ చింతపండు పెట్టి తోమడం. చింతపండులోని ఆమ్లం రాగి మీద దశాబ్దాలుగా పేరుకున్న పొరను నిమిషాల్లో కరిగించేస్తుంది. కింద బయటపడే గులాబీ రంగును చూడగానే సేకర్తకు సంగతి అర్థమైపోతుంది. పీచుతో రుద్దినప్పుడు పడ్డ గీతలైతే ఇక పోవు. దయచేసి ఆ పని మానండి. మచ్చ కనబడితే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: అది లోహం మీద కూర్చుందా, లోహమే అలా మారిపోయిందా?

పది రెట్ల భూతద్దం, పక్కనుంచి పడే దీపం వెలుతురు ఉంటే చాలు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన కంచు పైసా, మన చిల్లుకానీని తీసుకోండి. చిల్లు లోపలి అంచు దగ్గర పచ్చదనం ఉందా? గట్టిగా, నున్నగా, ముదురు రంగులో ఉంటే అది పాతదనపు పొర, ముట్టుకోవద్దు. జిగటగా, తడి మెరుపుతో ఉంటే మెత్తటి పీవీసీ కవర్ల నుంచి దిగిన మడ్డి. గోటితో తాకితే రాలే లేతాకుపచ్చ పొడి అయితే కంచు రోగం.

పీవీసీ మడ్డికి మందు శుద్ధ అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో నూనెలు, పరిమళాలు కలుపుతారు. ప్లాస్టిక్ గిన్నె కూడా వద్దు, కొన్ని రకాలు కరిగి నాణేనికే అంటుకుంటాయి. గాజు గిన్నెలో నాణెం మునిగేంత, సుమారు 30 మిల్లీలీటర్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. ఇంకా మిగిలితే తడి దూది పుల్లను మచ్చ మీద దొర్లించండి, ఈడ్చవద్దు. తర్వాత కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచి తీయండి. ఈ చివరి ముంపు చాలామంది వదిలేస్తారు. అప్పుడు కరిగిన మడ్డే ఆరి, నాణెమంతటా పలుచటి పొరగా మిగులుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు.

వేలిముద్ర సంగతి వేరు. చెమటలోని ఉప్పు అసిటోన్‌లో కరగదు. అందుకే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, ఆ నీటిని లాగేయడానికి అసిటోన్‌లో ముంచాలి. ఇదంతా ముద్ర తాజాగా ఉన్నప్పుడే. నెలలు గడిచి గోధుమ రంగు తేలిందంటే లోహం అప్పటికే మారిపోయింది.

కంచు రోగం అన్నిటికన్నా మొండిది. లోపల చిక్కుకున్న క్లోరైడు, గాలి, తేమ కలిసి లోహాన్ని తింటూనే ఉంటాయి. పైపొడి తుడిస్తే మళ్లీ వస్తుంది. విశాఖ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. అలాంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. వెదురు పుల్లతో పొడి ఎత్తేసి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. ఇది వారాల పని. తీశాక అసిటోన్‌తో ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో పెట్టండి. తేమ 40 శాతం లోపే ఉండాలి. పొడి మళ్లీ కనిపిస్తే క్లోరైడు ఇంకా లోపలే ఉందన్నమాట, మళ్లీ నానబెట్టాలి.

ఎర్రటి కొత్త రాగి మీద వచ్చే నల్లచుక్కల్ని మాత్రం కదిలించకండి. అవి లోహంలోకి దిగి ఉంటాయి, గీకితే గుంట మిగులుతుంది.

వెండి మీది నలుపు గంధకంతో వచ్చిన పొర. 81.8 శాతం వెండి ఉన్న హైదరాబాద్ చార్మినార్ రూపాయి మీద అది నీలం, ఊదా ఛాయల్లో సమంగా పరుచుకుంటే అందమే. నలుపును కరిగించే డిప్ అనే ద్రావణంలో ముంచితే నలుపుతో పాటు ముద్రణ నాటి మెరుపూ కొంత పోతుంది.

ఇక దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రికలు వద్దు. రెండింటి నుంచీ గంధకం వస్తుంది. మైలార్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. నీలం రంగు సిలికా జెల్ గులాబీకి తిరిగితే తేమ నిండిందని గుర్తు, ఆ రోజే మార్చేయండి.