46 డిగ్రీల ఊళ్లో ఏసీ ఎంచుకోవడం ఎలా?

[తెర మీద: మే నెల మధ్యాహ్నం, చంద్రపూర్‌లో ఒక డాబా ఇల్లు. పడమటి గోడకు కొత్త ఏసీ అవుట్‌డోర్ యూనిట్.]

నమస్కారం. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరోంచ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల కోసం ఈ వీడియో చేస్తున్నాను. గనుల క్వార్టర్లలో ఉన్నవారైనా, పేపరు మిల్లు చుట్టుపక్కల సొంత ఇల్లు కట్టుకున్నవారైనా, ఈ ఏడు మంచి ఏసీ కొందామని డబ్బు పక్కన పెట్టుకున్నవారు దీన్ని చివరిదాకా చూడండి. యాభై వేలు పెట్టి కొన్న ఏసీ రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు చల్లబరచలేక ఊరికే ఊదుతుంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు పడే అవస్థ చూడలేం. ఆ అవస్థ చాలావరకు తప్పించుకోగలిగినదే.

దుకాణంలో అడుగు పెట్టగానే మీకు చూపించేది స్టార్ స్టిక్కర్. ఐదు నక్షత్రాలుంటే మంచిది, మూడుంటే మధ్యరకం అని చెబుతారు. అది అబద్ధం కాదు, కానీ మన ఊరికి సరిపోయే నిజం కూడా కాదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

ఏసీ సామర్థ్యాన్ని ప్రయోగశాలలో కొలిచేటప్పుడు బయటి ఉష్ణోగ్రతను 35 డిగ్రీలుగా పెడతారు. పెట్టె మీద "1.5 టన్ను" అని రాసేది ఆ 35 డిగ్రీల దగ్గర వచ్చిన సంఖ్యను బట్టే. బీఈఈ, అంటే కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, నక్షత్రాలు ఇచ్చేందుకు వాడే కొలమానం పేరు ఐసీర్ (ISEER): ఏడాది మొత్తం మీద తాగిన కరెంటుకు ఏసీ ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే సంఖ్య, ఎంత ఎక్కువైతే అంత మంచిది. దాని లెక్కలో ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడుస్తుందని, బయటి వేడి 24 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటుందని అనుకుంటారు. దేశం మొత్తానికీ ఇదే లెక్క. బెంగళూరుకూ ఇదే, చంద్రపూర్‌కూ ఇదే.

మేలో మన దగ్గర 46, 47 డిగ్రీలు కొత్తా? ఆ లెక్క ఆగిపోయిన చోట మన మధ్యాహ్నం మొదలవుతుంది.

[తెర మీద: రెండు అంకెలు పక్కపక్కన, 35 మరియు 46.]

ఏసీ చేసే పని గదిలోని వేడిని తీసి బయట పారబోయడం. బయట గాలి ఎంత వేడిగా ఉంటే ఆ పారబోత అంత కష్టం. కంప్రెసర్ గ్యాసును ఇంకా ఎక్కువ ఒత్తిడికి నొక్కాలి, అందుకు కరెంటు ఎక్కువ కావాలి, అయినా వచ్చే చల్లదనం మాత్రం తగ్గుతుంది. 46 డిగ్రీల దగ్గర సామర్థ్యం పదో వంతుకు పైగా పడిపోవడం మామూలే. అంటే గదికి చల్లదనం అత్యవసరమైన గంటలోనే మీ ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటిన్నర టన్ను ఇవ్వదు.

కాబట్టి అమ్మేవారిని ఈ ప్రశ్న అడగండి: "బయట 46 డిగ్రీలున్నప్పుడు ఇది ఎన్ని వాట్ల చల్లదనం ఇస్తుంది?" ఇది గొంతెమ్మ కోరిక కాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5151లో వేడి దేశాల కోసం టీ3 అని ప్రత్యేక పరీక్షే ఉంది, అందులో బయటి ఉష్ణోగ్రత సరిగ్గా 46 డిగ్రీలు. 43 డిగ్రీల దగ్గర కూడా సామర్థ్యం తగ్గదని కరపత్రంలోనే అచ్చు వేసే కంపెనీలు ఉన్నాయి. ఆ సంఖ్య చూపించగలిగిన మోడల్‌కే మీ డబ్బు ఇవ్వండి.

ఇక్కడ ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. "52 డిగ్రీల దాకా పనిచేస్తుంది" అని పెద్ద అక్షరాలతో ప్రకటిస్తారు. ఆ వేడిలో మిషను ఆగిపోదని మాత్రమే దానర్థం. పూర్తి చల్లదనం ఇస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

టన్ను సంగతి కూడా చూద్దాం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం), దాదాపు 3,500 వాట్ల చల్లదనం. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుకు 5,270 వాట్లు రావాలి. స్టిక్కర్ మీద చూడండి: అదే "1.5 టన్ను" పేరుతో ఒక కంపెనీది 4,800 వాట్లు ఉంటుంది, ఇంకొకరిది 5,200 ఉంటుంది. ధర పోల్చేటప్పుడు టన్ను మాట పక్కన పెట్టి వాట్లు పోల్చండి.

ఇప్పుడు అసలు ఏసీ కంటే ముందు చేయాల్సిన పని. ఇది చెప్పకుండా ఏసీ కొనమనడం నాకు ఇష్టం లేదు.

[తెర మీద: మేడ మీద స్లాబు, ఒక సగం మాసిన సిమెంటు రంగు, ఇంకో సగం తెల్లటి పూత.]

మన ఇళ్లలో ఎక్కువభాగం పైకప్పు కాంక్రీటు స్లాబే. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని రాత్రి పదకొండు దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. మీరు పడుకునే వేళకు ఏసీ పోరాడేది గాలితో కాదు, మీ నెత్తి మీదున్న స్లాబుతో. దాని మీద తెల్లటి చల్లని పూత వేయించండి, లేదంటే సున్నమైనా కొట్టించండి. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించిందంటే దీని విలువ అర్థం చేసుకోవచ్చు. చంద్రపూర్ వారికి అదనంగా ఒక జాగ్రత్త: ఇక్కడ బొగ్గు దుమ్ము, థర్మల్ కేంద్రం బూడిద పడి తెల్లటి పూత ఒక్క ఏడాదిలోనే మాసిపోతుంది. మాసిన తెలుపు ఎండను తిప్పికొట్టదు. ఉగాది పనుల్లో భాగంగా మేడ కడిగించండి. పడమటి కిటికీకి బయటివైపు నీడ కల్పించండి, లోపలి పరదా వేడి గదిలోకి వచ్చేశాక అడ్డుపడుతుంది కాబట్టి పెద్దగా ఉపయోగపడదు.

ఇవి చేశాక గదిని కొలవండి. కింది అంతస్తులో 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుంది, 180కి ఒకటిన్నర. పై అంతస్తులో, ఎండ పడే స్లాబు కింద అయితే ఒక మెట్టు పైకి వెళ్లండి. అలాగని చిన్న గదికి రెండు టన్నులు పెట్టకండి. మరీ పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, వానాకాలంలో గాలిలోని తేమను తీసేంతసేపు నడవదు. చల్లగా ఉంటుంది, జిడ్డుగా కూడా ఉంటుంది.

ఇన్వర్టర్ ఏసీయే తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు. పాత రకం కంప్రెసర్ పూర్తి వేగంతో నడుస్తుంది, లేదా ఆగుతుంది. ఇన్వర్టర్ అవసరాన్ని బట్టి వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. గ్యాసు విషయంలో ఆర్32 గానీ ఆర్290 గానీ ఉన్నది చూడండి. కార్బన్ డయాక్సైడ్‌ది 1 అనుకుంటే పాత ఆర్410ఏ భూతాపాన్ని పెంచే శక్తి 2,088, ఆర్32ది 675, ఆర్290ది వాటితో పోలిస్తే లెక్కలోకే రాదు. ఈ రెండు కొత్త గ్యాసులకూ మండే గుణం ఉంది, ఆర్290 అయితే ప్రొపేనే, కాబట్టి శిక్షణ లేని మెకానిక్‌ను దగ్గరికి రానివ్వకండి.

నక్షత్రాలకు ఎంత డబ్బు పెట్టవచ్చు? దీనికి మీ కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని లెక్క వేయాలి.

మన కరెంటు సంస్థ మహావితరణ్ ఇంటి బిల్లులో 100 యూనిట్ల దాకా ఒక ధర, 101 నుంచి 300కి ఒకటి, 301 నుంచి 500కి మరొకటి, ఆ పైన ఇంకొకటి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కింది మెట్లు నింపేస్తాయి. ఏసీ యూనిట్లు వాటి మీద పడతాయి. అందుకని ఏసీకి మీరు కట్టేది సగటు ధర కాదు, మీ బిల్లులోని పై మెట్టు ధర. ఉదాహరణకు మూడు నక్షత్రాల స్టిక్కర్ మీద ఏడాదికి 1,000 యూనిట్లు, ఐదు నక్షత్రాల దాని మీద 780 యూనిట్లు ఉన్నాయనుకుందాం. తేడా 220. కానీ అది 1,600 గంటలకు. అత్తమామలో, అమ్మానాన్నలో పగలంతా ఉండే గదిలో ఏసీ ఏడాదికి 3,000 గంటలు నడిస్తే తేడా 412 యూనిట్లకు పెరుగుతుంది. యూనిట్ 12 రూపాయలు అనుకుంటే ఏటా దాదాపు 4,900 రూపాయలు. ఎనిమిది తొమ్మిది వేలు ఎక్కువ పెట్టినా రెండేళ్లలో తిరిగొస్తుంది. అదే ఏసీ, ఏడాదికి 300 గంటలు కూడా నడవని చుట్టాల గదిలో పెడితే ఏటా మిగిలేది 500 రూపాయలు. అక్కడ మూడు నక్షత్రాలు చాలు.

ఇంకో సంగతి, స్టాకులో మిగిలిపోయిన పాత మోడల్ కొనేటప్పుడు స్టిక్కర్ మీద ఏ కాలానికి ఇచ్చిన రేటింగో చూడండి. బీఈఈ అప్పుడప్పుడు ప్రమాణాలు బిగిస్తుంది. 2022 జులైలో అలా బిగించినప్పుడు అంతకుముందు ఐదు నక్షత్రాలున్న ఏసీలు నాలుగుకు దిగాయి. నక్షత్రాల కంటే ఐసీర్ సంఖ్యను నమ్మండి.

[తెర మీద: కిటికీకి బిగించిన పెద్ద కూలర్, తడిసిన గడ్డి ప్యాడ్లు.]

కూలర్‌ను పారేయకండి. విదర్భ ఎండ పొడి ఎండ, అది కూలర్‌కు అనువైన వాతావరణం. బయట 45 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న మధ్యాహ్నం, ప్యాడ్లు బాగున్న కూలర్ 28, 29 డిగ్రీల గాలి ఇవ్వగలదు, అది కూడా ఏసీతో పోలిస్తే చాలా తక్కువ కరెంటుతో. అందుకే ఏప్రిల్, మే పగళ్లు హాల్లో కూలర్‌తోనే గడపమంటాను. మృగశిర వానలు పడ్డాక కూలర్ పని అయిపోయింది. 33 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు అది ఎంత తడిపినా గాలి 30 కిందికి దిగదు. ఆ నెలల్లో పడకగదికి ఏసీ కావాలి. ఒకే గదిలో రెండూ కలిపి మాత్రం నడపకండి, కూలర్ పోసిన తేమను ఏసీ కరెంటు పెట్టి తీసి కాలువలోకి వదులుతుంటుంది.

చలికాలం సంగతి. డిసెంబర్, జనవరిలో మన దగ్గర రాత్రులు 10 డిగ్రీల దాకా దిగుతాయి. గనుల ఊళ్లలో బొగ్గు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి కుంపటి వెలిగించి గదిలో పెట్టుకుని తలుపులు మూసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీలు ఉన్నాయి. లోపల ఒక వాల్వు గ్యాసు దారిని తిప్పేస్తుంది, అప్పుడు మిషను బయటి గాలిలోని వేడిని తీసి గదిలోకి తెస్తుంది. వేడిని పుట్టించడం లేదు, మోసుకొస్తోంది, కాబట్టి కరెంటు తక్కువ. 2,000 వాట్ల రాడ్ హీటర్ ఇచ్చే వేడిని ఇది 600 వాట్ల కరెంటుతో ఇవ్వగలదు. ఐసీర్ చల్లదనానికి సంబంధించిన లెక్క మాత్రమే, కాబట్టి వేడికి సీఓపీ, అంటే ఒక వాటు కరెంటుకు ఎన్ని వాట్ల వేడి ఇస్తుందో చెప్పే సంఖ్య, ఎంతో విడిగా అడగండి, 3.5 ఉంటే మంచిదే. అందరికీ ఇది అవసరమా? కాదు. ఇంట్లో పసిపిల్లలో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లో ఉంటే వాళ్ల గదికి ఒక్కదానికి తీసుకోండి. మిగిలిన గదులకు దుప్పటి చాలు.

ఇల్లంతటికీ ఒకే పెద్ద మిషను, గొట్టాల ద్వారా అన్ని గదులకూ గాలి పంపే పద్ధతి గురించి అడిగేవారున్నారు. మన ఊళ్లలో నేను సలహా ఇవ్వను. మేలో అది ఆగితే ఇల్లంతా ఉడుకుతుంది, విడిభాగం నాగపూర్ నుంచి వచ్చేదాకా ఎదురుచూడాలి. గదికొక ఏసీ ఉంటే, ఒకటి చెడినా అందరూ ఇంకో గదిలో పడుకోవచ్చు.

సిరోంచవారు ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల వైపు వెళ్లి కొంటుంటారు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం, అటూ ఇటూ ఒకటే, కాబట్టి పన్నులో తేడా ఏమీ ఉండదు. చూడాల్సింది వారంటీ కార్డు. చెడితే ఏ ఊరి సర్వీసు కేంద్రం మనిషిని పంపుతుందో బిల్లు కట్టకముందే రాయించుకోండి. పదేళ్ల వారంటీ అంటే తరచుగా కంప్రెసర్‌కే, వోల్టేజి హెచ్చుతగ్గులకు ముందు పోయే సర్క్యూట్ బోర్డుకు ఎన్నేళ్లో వేరే అడగాలి.

బిగించే రోజు మీరు ఇంట్లో ఉండండి. అవుట్‌డోర్ యూనిట్ ఉత్తరం లేదా తూర్పు గోడకు, వేడి గాలి ఎదురుగోడకు తగిలి వెనక్కి రానంత దూరంలో పెట్టించండి. పైన నీడ ఉండాలి, ముందు అడ్డు ఉండకూడదు. 46 డిగ్రీల ఊళ్లో ఆ యూనిట్ చుట్టూ వేడి గాలి తిరుగుతుంటే అది పీల్చేది 50 దాటిన గాలి, అప్పుడు ఇందాక చెప్పుకున్న సామర్థ్యం అంతా వృథా. రాగి గొట్టాలు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను పూర్తిగా తీయించండి. పంపు తీసుకురాకుండా కొంచెం గ్యాసు వదిలి గాలి తోసేస్తామంటే వెనక్కి పంపేయండి. వేసవిలో పదిహేను రోజులకోసారి ఫిల్టరు మీరే కడగండి, బయటి యూనిట్ రెక్కల్లో పేరుకున్న బూడిదను ఒత్తిడి లేని నీళ్లతో కడిగించండి.

ఇక ఏటా వచ్చి "గ్యాసు తగ్గింది, నింపాలి" అనే మెకానిక్ గురించి. ఏసీలో గ్యాసు ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి లీకు ఎక్కడో చూపించమని అడగండి. అది మూశాకే గ్యాసు నింపనివ్వండి.