రాయి పగులులో కాపురం

(చీమకుర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలు, క్వారీ కార్మికుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వచ్చే దారిలో ఒక క్వారీ గట్టున ఆగి కిందికి చూశాను. కళ్లు తిరిగాయి. అడుగున లారీ అగ్గిపెట్టెలా కనిపించింది. మీకది రోజూ ఉండేదే. ఇక్కడ తవ్వే నల్ల గెలాక్సీ రాయిని బేరంలో గ్రానైట్ అంటాం గానీ, జాతిని బట్టి అది గాబ్రో. చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఒకప్పుడు సలసల కాగిన ద్రవం భూమి లోపలే చల్లారి గడ్డకడితే ఇలా అయింది. ఇలాంటి గట్టి రాళ్ల లోతుల్లో ప్రాణం ఉంటుందని ఎవరైనా అంటే కాలేజీ రోజుల్లో నేనూ నవ్వేవాణ్ణి.

రాయి సంగతికి ముందు ఈ సీసా చూడండి. చేతులు మార్చుకుంటూ వెనక వరస దాకా పంపండి. మూత మాత్రం తీయొద్దు. మాది ఇందుకూరుపేట వైపు. ఇది మా రొయ్యల గుంట అడుగు మట్టి, సీసాలో పెట్టి నెల దాటింది. పైన సన్నగా గోధుమ రంగు పొర, దాని కింద అంతా కాటుక నలుపు. నలుపులో అక్కడక్కడా బుడగలు. గాలి అందేది ఆ పై పొరకే. కింది మట్టిని కెలికితే కుళ్లిన కోడిగుడ్ల కంపు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఒక ఏడాది అది నీళ్లలోకి లేచి మా గుంటలో సగం రొయ్య పోయింది. ఆ రాత్రంతా మా నాన్న నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల పక్కనే కూర్చున్నాడు, ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇలాంటి బురద బుడగల్లో మీథేన్ ఉంటుంది. మన గోబర్ గ్యాస్‌లో మండేది కూడా అదే. 1776లో ఇటలీలో వోల్టా ఒక సరస్సు బురదను కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగలను సీసాల్లో పట్టి వెలిగించి చూశాడు. వెలిగించాలంటే గాలి కావాలి. మరి గాలి లేనిచోట మీథేన్‌ను ఎవరు తింటారు? ఎవరూ తినలేరనే చాలాకాలం అనుకున్నారు. కానీ 1970ల్లో సముద్రపు అడుగు మట్టిని పొరలు పొరలుగా కొలిచినవాళ్లకు ఒక వింత కనిపించింది. లోతు నుంచి పైకి వస్తున్న మీథేన్, పైనుంచి దిగుతున్న సల్ఫేట్, రెండూ ఒకే పొర దగ్గర మాయమవుతున్నాయి. సల్ఫేట్ అంటే ఉప్పునీళ్లలో కరిగి ఉండేదే. లెక్క కుదిరింది, తినేవాడు మాత్రం దొరకలేదు.

2000లో దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు. అమెరికాలో ఆరెగాన్ తీరం అవతలి సముద్రపు మట్టిలో యాంట్యే బోషియస్ బృందం చిన్న చిన్న గుత్తులు చూసింది. మధ్యలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు, చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే వంశం. చుట్టూ కంచెలాగా బ్యాక్టీరియా. ఇది అచ్చం పొత్తు సేద్యమే. లోపలివాడు మీథేన్‌ను విడగొట్టి ఎలక్ట్రాన్లు ఇస్తాడు, బయటివాడు వాటిని సల్ఫేట్‌కు అప్పజెప్పి సల్ఫైడ్ వదులుతాడు. ఇద్దరి మధ్య కరెంటు తీగ గుంజినట్టు ఎలక్ట్రాన్లు నేరుగా దాటుతాయని 2015లో తేలింది. మా గుంటలో కంపుకు ఎక్కువ కారణం మిగిలిపోయిన మేత, అది వేరే సంగతి. వాయువు మాత్రం అదే, హైడ్రోజన్ సల్ఫైడ్.

గాలితో మీథేన్‌ను కాలిస్తే రూపాయంత శక్తి వస్తుందనుకోండి, ఈ పొత్తులో వచ్చేది ఐదు పైసల లోపే. దాన్నే ఇద్దరూ పంచుకోవాలి. అందుకే వీటికి తొందర లేదు. ఆక్వా రైతుల్ని హడలెత్తించే విబ్రియో అనే బ్యాక్టీరియా, అనుకూలిస్తే అరగంట లోపే రెట్టింపవుతుంది. వీటికి నెలలు పడుతుంది.

ఇక మీ రాయి దగ్గరికి వద్దాం. ఎంత గట్టి రాయికైనా సన్నని పగుళ్లుంటాయి, వాటిలో నీళ్లుంటాయి. ఆ నీళ్లలో మీథేన్, సల్ఫేట్ కలిసిన చోటల్లా కాపురానికి వీలుంది. జపాన్‌లో మిజునామి దగ్గర 300 మీటర్ల లోతున గ్రానైట్ పగుళ్ల నీటిలో మీథేన్ తినే ఆర్కియా దొరికాయి. ఆ సంగతి 2018లో అచ్చయింది. మన దేశంలో మహారాష్ట్రలోని కొయినా దగ్గర భూకంపాల పరిశోధనకని 3 కిలోమీటర్ల బోరు వేశారు. అక్కడ పైన లావా గడ్డకట్టిన బసాల్ట్ రాయి, కింద గ్రానైట్. లోతు నుంచి తీసిన రాతి ముక్కల్లో సూక్ష్మజీవుల డీఎన్ఏను ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు పట్టుకున్నారు.

ఇక్కడ రాయి కోసే వైర్ సా ఆడించే అన్నలకు ఒక అనుమానం రావాలి. బ్లాకు కోసేటప్పుడు నీళ్లు పోస్తారు కదా? బోరు వేసేటప్పుడూ అంతే. పైనుంచి పోసిన నీళ్లలోని క్రిములే లోపల దొరికాయేమో! శాస్త్రవేత్తలకు అసలు టెన్షన్ ఇదే. అందుకే బోరులో పోసే నీళ్లను, బురదను కూడా విడిగా పరీక్షిస్తారు. రాతి ముక్క పై తొక్క చెక్కేసి, నడిమధ్య భాగాన్నే తీసుకుంటారు. రెండుచోట్లా ఒకే జీవి కనిపిస్తే దాన్ని లెక్కలోంచి కొట్టేస్తారు. దొరికింది చెప్పడం కంటే కొట్టేసింది చెప్పడమే ఈ పనిలో పెద్ద నిజాయితీ అని నా అభిప్రాయం.

మరి ఈ ప్రాణం ఎంత లోతు దాకా ఉండగలదు? లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు పాతిక, ముప్పై డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఇప్పటిదాకా ప్రయోగశాలలో పెరిగిన జీవుల్లో రికార్డు 122 డిగ్రీలు. అదీ ఒక ఆర్కియానే. కాకపోతే అది మీథేన్‌ను తినేది కాదు, తయారు చేసేది. ఒకడు వండుతాడు, ఒకడు తింటాడు. ఇద్దరూ వాడే ముఖ్యమైన ఎంజైమ్ ఒక్కటే, నికెల్ ఉన్నది. తినేవాడు దాని పనిని వెనక్కి తిప్పుతాడు, అంతే.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. సీసా మాత్రం నా దగ్గరికి తిరిగి రావాలి. మూత ఎవరు తీశారో నేను అడగక్కర్లేదు, ఆ వరసంతా ముక్కు మూసుకునే ఉంటుంది.