చేతికి కాగితం వచ్చేదాకా చెప్పక్కర్లేదు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ ఈ వర్షంలో, కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చారు. అందుకే శాలువాలు, పరిచయాలు వద్దని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. ఉద్యోగం మారేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు నన్ను. రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, ఇవన్నీ అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్‌కి వెళ్లినా నేర్పుతారు. నేను ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతాను. వేరే చోట ఉద్యోగం వచ్చేలా ఉంది, ఇంకా ఖాయం కాలేదు. ఈ సంగతి ఇప్పుడున్న మేనేజరుకు చెప్పాలా, వద్దా?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగింది ఇదే. నిజం దాచి తిరగడం చేతకానివాళ్లే ఇది అడుగుతారు. అలాంటివాళ్లే నష్టపోతారు కూడా, అందుకే నాకింత పట్టుదల.

చెప్పకండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, అందులో జీతం, హోదా, చేరాల్సిన తేదీ చదువుకుని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే మీ పాత ఉద్యోగాలూ చదువూ నిజమో కాదో వాళ్లు చేసే తనిఖీ సంగతి కూడా తేల్చుకున్నాక చెప్పండి. అంతవరకూ అది మీ సొంత విషయం.

మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను. టెస్టింగ్ టీమ్‌లో అందరికంటే ముందు వచ్చి అందరి తర్వాత వెళ్లేది. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో రెండు రౌండ్లు అయ్యాయి, మూడోది మిగిలింది. ఇంటర్వ్యూల కోసం సగం రోజు సెలవు అడగాల్సి వచ్చినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు బాధపడేది. చివరికి ఒకరోజు మేనేజరు దగ్గరికి వెళ్లి, "సార్, ఒక చోట ప్రయత్నిస్తున్నాను, ఇంకా ఏదీ ఖాయం కాలేదు, మీకు తెలియకుండా చేయడం ఇష్టం లేక చెబుతున్నాను" అంది. ఆయన చాలా మర్యాదగా, "మంచిదమ్మా, చెప్పినందుకు సంతోషం" అన్నాడు.

సోమవారం నుంచి క్లయింట్ కాల్‌లో ఆమె పేరు లేదు. ఆమె చేసే పనంతా ఒక జూనియర్‌కి నేర్పి అప్పగించమన్నారు, కేటీ అంటారు దాన్ని. ఆన్‌సైట్‌కి, అంటే క్లయింట్ ఉన్న చోటికి పంపే జాబితాలో ఆమె పేరు ఉండేది, తీసేశారు. ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే అప్రైజల్ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. అంతవరకూ మంచి రేటింగ్ ఉన్న పిల్లకి 'కమిట్‌మెంట్ తగ్గింది' అని రాశారు. ఏ పనిలో తగ్గిందో చూపించమని అక్కడే అడిగాను, ఎవరూ జవాబు చెప్పలేదు, తర్వాతి పేరుకి వెళ్లిపోయారు. ఈలోగా నానక్‌రామ్‌గూడ కంపెనీ ఆ పోస్టునే ఆపేసింది. రెండూ పోయాయి. ఇంటి లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు కదా! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఆమె చేసిన నేరం ఏమిటి? నిజం చెప్పడం.

ఆ మేనేజరు రాక్షసుడేం కాదు. ఆ సంగతి అర్థమైతేనే ఎందుకు చెప్పకూడదో అర్థమవుతుంది. ఒకసారి చెవిన పడ్డాక ఆయన తెలియనట్టు ఉండలేడు. ఆయన పైన ఇంకొకరున్నారు, ప్రాజెక్టులో ఎవరు వెళ్లిపోయే అవకాశం ఉందో వాళ్లకి ముందే చెప్పాలి. ఇంక్రిమెంట్ల డబ్బు లెక్క పెట్టి ఇస్తారు, వెళ్లిపోతుందేమో అనుకున్న మనిషికి అందులో వాటా ఎందుకని ఎవరో ఒకరు అంటారు. ఖాయం కాని మాట చెప్పి మీరు ఆయన్నీ ఇబ్బందిలో పెడుతున్నారు, మిమ్మల్నీ పెట్టుకుంటున్నారు.

ఇక్కడ మేనేజర్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి, మొహమాటం వద్దు. చాలామందే ఉన్నారు. మీకో విన్నపం. మీ దగ్గరికి ఒక పిల్లో పిల్లాడో వచ్చి ఇలా చెబితే, దాన్ని ఆ గదిలోనే ఉంచండి. రేటింగ్ గడిచిన ఏడాది చేసిన పనికి ఇవ్వండి, రాబోయే ఏడాది ఉంటారా లేదా అన్నదానికి కాదు. మీరంతా అలా చేస్తారని నాకు నమ్మకం కలిగిన రోజు నా సలహా మార్చుకుంటాను.

"వాళ్ల ఉప్పు తిన్నాం కదా సార్" అంటారు కొందరు. తిన్నారు, దానికి పని చేశారు. ఉద్యోగం తీసేయాలని కంపెనీ ఆలోచిస్తున్నప్పుడు, ఇంకా నిర్ణయం కాలేదు గానీ నీకు ముందుగా చెబుతున్నామని ఎవరైనా వచ్చి చెప్పారా? వెళ్లేటప్పుడు పని సగంలో వదలకుండా, రాయాల్సినవన్నీ రాసి, వెనకాల వచ్చేవాడికి శ్రద్ధగా నేర్పి వెళ్లండి, రుణం తీరిపోతుంది.

అలాగని అబద్ధాలు చెప్పమనడం లేదు. ఇంటర్వ్యూ ఉంటే సొంత పని అని సెలవు పెట్టండి, అమ్మకి ఒంట్లో బాలేదని చెప్పకండి. వేరే చోట చూస్తున్నావా అని సూటిగా అడిగితే, "మంచి అవకాశం వస్తే ఎవరైనా ఆలోచిస్తారు సార్, ఇప్పటికి ఏదీ ఖాయం కాలేదు, పని మాత్రం ఆగదు" అనండి. అందులో ప్రతి మాటా నిజమే. నౌక్రీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో మీ కంపెనీకి ప్రొఫైల్ కనపడకుండా పెట్టుకోవచ్చు. లింక్డిన్‌లో రిక్రూటర్లకు మాత్రమే కనపడేలా పెట్టుకోవచ్చు, కానీ మీ కంపెనీవాళ్ల కంట అస్సలు పడదని వాళ్లే హామీ ఇవ్వరు.

తల్లిదండ్రులు కూడా వచ్చారు, మీకో మాట. దయచేసి పెళ్లిళ్లలో చెప్పకండి. "మావాడికి ఇంకో కంపెనీలో వచ్చేస్తోంది, డబుల్ జీతం" అని భోజనాల దగ్గర నాన్నగారు అంటారు, పక్క కుర్చీలో ఆయన అల్లుడిది అదే ఆఫీసు. సంబంధం కుదరకముందే ఊరంతా చెప్పుకోం కదా, ఇదీ అంతే. ఈ ఊళ్లో ఐటీవాళ్లంతా కొండాపూర్, మియాపూర్, నిజాంపేట అపార్ట్‌మెంట్లలో పక్కపక్కనే ఉంటారు, మాట ఆఫీసుకు చేరడానికి ఒక్క లిఫ్ట్ చాలు.

ముందే చెప్పాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి పెట్టుకుంటే ఎన్‌ఓసీ, అంటే ఇప్పుడున్న ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం అడుగుతారు, అక్కడ దాచే ప్రశ్నే లేదు. అదే కంపెనీలో వేరే టీమ్‌కి మారాలంటే మేనేజరుకు ఏ దశలో తెలియాలో రూల్ ఉంటుంది, చదవండి. ముగ్గురు నలుగురే ఉండే చిన్న ఆఫీసులో, యజమాని మనిషి ఎలాంటివాడో మీకు బాగా తెలిస్తే, అది మీ ఇష్టం. ఇక జీతం పెంచడమో, షిఫ్ట్ మార్చడమో చేస్తే ఉండిపోతాను అనుకుంటే అదే అడగండి, బయటి ఉద్యోగం ఊసు తేకండి.

నేను వేరే దారిలోకి వెళ్తున్నానేమో గానీ నోటీసు పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన రోజుల గురించి చెప్పకపోతే నిద్రపట్టదు. ఈ టెన్షన్‌కి సగం కారణం అదే. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 1988లోది. ఆరు నెలలు పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే యజమాని కనీసం నెల నోటీసు గానీ, దాని బదులు జీతం గానీ ఇవ్వాలని అందులో ఉంది. మన పిల్లలు మానేయాలంటే మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్లలో 90 రోజులు! కొత్త కంపెనీ ఏమో వెంటనే చేరేవాళ్లు కావాలంటుంది. అందుకని చేతిలో ఏదీ లేకుండానే రాజీనామా పెట్టి, నోటీసులో ఉండగా వెతుక్కుంటున్నారు. ఈ సాహసం చేయకండి బాబూ. ఫోన్ చేసి మీరు సెలెక్ట్ అయ్యారన్నంత మాత్రాన అది ఆఫర్ కాదు.

ఇన్నేళ్లు మానను, మానేస్తే డబ్బు కడతాను అని బాండ్ రాసిచ్చిన వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వెళ్లాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు మామూలుగా నిలబడదు. కానీ గడువుకు ముందే మానేస్తే డబ్బు కట్టాలనే షరతు వేరు. విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, దాని తేదీ కూడా చూసుకోండి. పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. నెలకు నలభై వేల బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం ఉన్నవాళ్లకి ఐదేళ్లకి లక్షా పదిహేను వేలు పైనే వస్తుంది, తొందరపడి కొద్ది నెలల ముందు వదులుకోకండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, మీ అపాయింట్‌మెంట్ లెటర్ పీడీఎఫ్ తెరవండి. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు, డబ్బు కట్టి ముందే వెళ్లనిస్తారా, ఆ లెక్క బేసిక్ మీదా మొత్తం జీతం మీదా, బాండ్ ఉందా, ఈ నాలుగూ ఏ పేరాల్లో ఉన్నాయో వెతకండి. అర్థం కానివాళ్లు ఇటు కుడివైపు కుర్చీల దగ్గరికి రండి, హాలు మూసేదాకా ఇక్కడే ఉంటాను, ఒక్కొక్కరిదీ కూర్చుని చదువుదాం.