మొదటి వాంగ్మూలం ఎక్కడుంది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, శ్రోతలకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

గ్రహాంతరవాసులు మనుషులను ఎత్తుకుపోయారనే పాత కేసులను పరిశీలిస్తున్నానని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే: అది నిజంగా జరిగిందా? దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. సాక్షి మొట్టమొదట ఏం చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు, ఎవరు అడిగితే చెప్పాడు? ఈ పరిశోధనలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

బెట్టీ, బార్నీ హిల్ దంపతుల కేసునే తీసుకోండి. 1961 సెప్టెంబరు 19 రాత్రి, కెనడా నుంచి అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న తమ ఇంటికి కారులో వస్తుండగా, ఆకాశంలో ఒక వెలుగు తమ వెంటే వస్తున్నట్టు వారికి కనిపించింది. బార్నీ కారు దిగి బైనాక్యులర్‌తో చూసి, ఆ ఎగిరే వస్తువు లోపల ఆకారాలు కనిపించాయంటూ హడలిపోయి పరుగున వెనక్కి వచ్చాడు. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 26న, బెట్టీ ఒక పరిశోధక సంస్థకు ఉత్తరం రాసింది. అందులో ఆ వస్తువు వర్ణన ఉంది, భర్త భయం ఉంది, ఆయనకు గుర్తురాని దాన్ని రాబట్టడానికి హిప్నాటిజం తెలిసిన మానసిక వైద్యుణ్ణి కలవాలన్న ఆలోచన కూడా ఉంది. అపహరణ మాత్రం లేదు. ఆ తరువాతే ఆమెకు వరుసగా కొన్ని రాత్రులు, ఎవరో తమను వాహనంలోకి తీసుకుపోయి వైద్య పరీక్షలు చేసినట్టు కలలు వచ్చాయి. వాటిని నవంబరులో కాగితం మీద పెట్టింది. ప్రయాణానికి పట్టవలసినదానికంటే ఎక్కువ సమయం పట్టిందన్న సంగతి కూడా ఆ నెలలోనే, పరిశోధకులు గుచ్చి గుచ్చి అడిగినప్పుడు బయటపడింది.

దయచేసి ఈ వరుసను గుర్తుంచుకోండి: ముందు ఉత్తరం, తరువాత కలలు, ఆ తరువాత ప్రశ్నలు. హిప్నాటిజం 1964లో గాని రాలేదు. బోస్టన్ వైద్యుడు బెంజమిన్ సైమన్ ఆ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పినది మరొకరికి చేరకూడదని, చెప్పినదంతా మెలకువలో వారికి గుర్తురాకుండా చేసేవాడు. అంత జాగ్రత్తపడినా, భార్య కలల సంగతి బార్నీ చెవిన అప్పటికే పడి ఉంది. అపహరణ భాగం ఆ కలల నుంచే వచ్చిందని సైమన్ చివరికి అభిప్రాయపడ్డాడు. కథ జనం నోళ్లలో పడ్డాక ఈ అంచెలన్నీ ఒకే రాత్రిలో కలిసిపోయాయి. వాటిని మళ్లీ విడదీయగలుగుతున్నామంటే, కాగితాలు న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉండడమే కారణం. బార్నీ 1969లోనే పోయాడు, బెట్టీ 2004లో కన్నుమూసింది. ఇప్పుడు వారి తరఫున మాట్లాడగలిగేవి ఆ కాగితాలే.

హిప్నాటిజంలో పలికిన జ్ఞాపకంలో కల్పన కలవవచ్చని, మామూలు జ్ఞాపకం కంటే దాన్ని తక్కువగా నమ్మాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నివేదిక 1985లోనే హెచ్చరించింది. సాక్షి అబద్ధమాడుతున్నాడని దీని అర్థం కాదు. ఈ మాట నేను ఎన్ని సభల్లోనైనా చెబుతాను: సాక్షిని అవమానించి సాధించేది ఏమీ లేదు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. ఒక పాత ఇంటర్వ్యూ టేపు వినిపించమని దాని యజమానిని అడిగితే, టేపు ఇవ్వకుండా రాతప్రతి ఒకటి పంపారు. అందులో ప్రశ్నలన్నీ తీసేసి జవాబులే ఉంచారు. ఒకచోట సాక్షి మాట ఇలా మొదలవుతుంది: "అవును, అలాగే ఉంది." ఏది ఎలా ఉంది? ఆ పోలికను అందించింది ఎవరు? ప్రశ్న లేని జవాబుతో పరిశోధకుడు ఏం చేసుకోవాలి?

1973లో మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగౌలాలో, తమను ఎత్తుకుపోయారని చెప్పిన ఇద్దరిని షెరీఫ్ కార్యాలయంలో ఒంటరిగా వదిలి, చాటుగా టేపు తిప్పారు. జరిగినదేమిటో ఆ టేపు నిరూపించదు. అయినా ప్రశ్నలు వేసేవారు పక్కన లేనప్పుడు ఆ ఇద్దరూ తమలో తాము ఏమనుకున్నారో అందులో ఉంది, అదే దాని విలువ.

ప్రభుత్వ దస్తావేజుల పరిస్థితి కొంత నయం. ఆకాశంలో కనిపించే గుర్తుతెలియని వస్తువులపై అమెరికా వైమానిక దళం నడిపి, 1969లో మూసేసిన బ్లూ బుక్ ప్రాజెక్టులోని 12,618 నివేదికలు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) ఉన్నాయి. అపహరణ కేసుల సామగ్రి ఎక్కువగా ప్రైవేటు సంఘాల దగ్గరే పోగుపడింది. అలాంటి పెద్ద సంఘాల్లో ఒకటైన ఏప్రో, దాన్ని నడిపిన లోరెంజెన్ దంపతులు 1986లోనూ 1988లోనూ మరణించాక చెదిరిపోయింది, దాని ఫైళ్లు ఏళ్ల తరబడి పరిశోధకులకు అందలేదు. స్వీడన్‌లోని నార్‌షోపింగ్‌లో ఒక అభిలేఖాగారం ఇలాంటి సేకరణలను కాపాడుతోంది గాని, అయస్కాంత టేపు మన తీరిక కోసం ఆగదు. దాని పూత జిగటగా మారి ఊడిపోతుంది.

అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీ దగ్గరో, మీరెరిగినవారి దగ్గరో ఇలాంటి టేపులు, ఉత్తరాలు ఉంటే పారేయకండి. పాత టేపును మామూలు యంత్రంలో పెట్టి తిప్పకుండా, తెలిసినవారి చేత డిజిటల్ నకలు తీయించండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారో దాని మీద రాసిపెట్టండి. సాక్షి పేరు బయటికి రాకూడదనుకుంటే ఆ షరతును కూడా రాతపూర్వకంగా జతచేసి అభిలేఖాగారానికి అప్పగించండి. అడిగిన ప్రశ్నలను మాత్రం, అవి ఎంత తప్పుడు ప్రశ్నలైనా సరే, కత్తిరించకండి.